ఫెడ్ వారపు లెక్క హెచ్.4.1: పట్టికలు భేష్, ‘ఇతర ఆస్తులు’ వరుస మాత్రం ముద్ద

ఏమిటిది: అమెరికా ఫెడరల్ రిజర్వ్ గురువారం గురువారం బయటపెట్టే బ్యాలెన్స్ షీటు నివేదిక, పేరు హెచ్.4.1. ధర: ఉచితం, లాగిన్ గొడవ కూడా లేదు. ఎవరికి: సీఏ, సీఎంఏ చదివేవాళ్లకు, ఆర్‌బీఐ గ్రేడ్ బి, సీఏఐఐబీ రాసేవాళ్లకు, డాలరు మీదా బంగారం మీదా కన్నేసి ఉండే వ్యాపారులకు. మా మార్కులు: మొత్తం నివేదికకు 5కి 4. ఒక్కో ప్రాంతీయ బ్యాంకు ‘ఇతర ఆస్తులు’ ఏమిటో తెలుసుకోవడానికే అయితే 5కి 2. మార్కులు 4 నుంచి 2కి ఎందుకు తగ్గాయో, ఆ లోపించిన వివరాలను మనమే ఎలా రాబట్టుకోవచ్చో చెప్పడానికే ఈ రివ్యూ.

విజయవాడ గవర్నరుపేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో బ్యాంకింగ్ కోచింగుకి వెళ్లే పిల్లల్ని ఫెడ్ అంటే ఏమిటని అడిగితే వడ్డీ రేట్ల ప్రకటన దగ్గరే ఆగిపోతారు. ఫెడ్ కింద 12 ప్రాంతీయ రిజర్వ్ బ్యాంకులు ఉన్నాయి: బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, క్లీవ్‌లాండ్, రిచ్‌మండ్, అట్లాంటా, చికాగో, సెయింట్ లూయిస్, మినియాపొలిస్, కాన్సస్ సిటీ, డల్లాస్, శాన్‌ఫ్రాన్సిస్కో. 1913 డిసెంబరు చట్టంతో పుట్టి 1914 నవంబరులో తలుపులు తెరిచిన ఈ బ్యాంకుల్లో దేని పద్దులు దానివే, దేని బ్యాలెన్స్ షీటు దానిదే. మన ఆర్‌బీఐకి ఎన్ని ప్రాంతీయ కార్యాలయాలున్నా బ్యాలెన్స్ షీటు ఒక్కటే. అందుకే ‘ప్రాంతీయ కేంద్ర బ్యాంకు ఆస్తులు’ అనే మాట మన విద్యార్థికి కొత్తగా తగులుతుంది.

నివేదిక అమెరికా తూర్పు తీరం టైము ప్రకారం గురువారం సాయంత్రం 4:30కి వస్తుంది. మనకది శుక్రవారం తెల్లవారుజామున 2 గంటలు. చలికాలంలో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు కాబట్టి 3 గంటలు. నిద్ర మానుకోవాల్సిన పనేమీ లేదు, పొద్దున కాఫీతో చూసుకున్నా అవే అంకెలు. అందులో ఉండేది బుధవారం నాటి లెక్క.

ముందుగా యూనిట్ల సంగతి. అంకెలన్నీ మిలియన్ డాలర్లలో ఉంటాయి. మిలియన్ అంటే 10 లక్షలు, వెయ్యి మిలియన్లు అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. పట్టికలో 25,000 అని కనబడితే అది 2,500 కోట్ల డాలర్లు. దీన్ని 25,000 కోట్లు అనుకుని నోట్సు రాసుకోవడం, ఆ నోట్సు జిరాక్సుల మీద జిరాక్సులై ఊరంతా తిరగడం మామూలే. పేజీ పైన పెన్సిలుతో ‘÷10 = కోట్ల డాలర్లు’ అని రాసుకుంటే ఆ బాధ ఉండదు.

పట్టికల్లో మనకు పనికొచ్చేవి మూడు. మొదటి పట్టికలో బ్యాంకు రిజర్వులను (బ్యాంకులు ఫెడ్ దగ్గర ఉంచే సొమ్మును) పెంచే, తగ్గించే అంశాలుంటాయి. అందులో వారం సగటు, బుధవారం నిల్వ రెండూ ఇస్తారు. అయిదో పట్టిక 12 బ్యాంకుల ఉమ్మడి ఆస్తి అప్పుల పట్టీ. ఆరోదే అసలు సరుకు: ఒక్కో బ్యాంకుకు ఒక్కో నిలువు వరుస, ఎడమ చివర మొత్తం, వెరసి 13 వరుసలు. ఈ ఆరో పట్టికలో బుధవారం నిల్వ ఒక్కటే ఉంటుంది, సగటు ఉండదు. మొదటి పట్టికలోని సగటు తెచ్చి ఆరో పట్టిక నిల్వతో పోల్చి ‘తేడా వచ్చిందేమిటి’ అని జుట్టు పీక్కోవద్దు.

ఆరో పట్టికలో ఆస్తుల వైపు బంగారు సర్టిఫికెట్లు (ప్రభుత్వ ఖజానా తన బంగారానికి ప్రతిగా ఇచ్చే పత్రాలు), నాణేలు, సెక్యూరిటీలు-రుణాలు, విదేశీ కరెన్సీ ఆస్తులు, ఇలా పేరున్నవన్నీ అయ్యాక కింద ‘ఇతర ఆస్తులు’ అని ఒక్క వరుస. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఆవర్జాలో ‘చిల్లర’ ఖాతా ఎలాంటిదో ఇదీ అలాంటిదే: గోతాం పురికొస నుంచి కాటా రిపేరు దాకా అన్నీ అందులోనే. ఫెడ్ ఇచ్చే అడుగు వివరణ (ఫుట్‌నోట్) మహా పొదుపు. రోజురోజుకూ పోగుపడే వడ్డీ, రావలసిన ఇతర బాకీలు అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. బ్యాంకు భవనాలు, వసూలు కావలసిన చెక్కులు ఈ వరుసలోనే కలిశాయా, విడిగా ఉన్నాయా అన్నది నివేదికల మధ్య ఒకే తీరుగా ఉండదు.

తేల్చుకోవడం కష్టమేం కాదు. అయిదో పట్టికలో వసూలు కావలసిన చెక్కులు, భవనాలు, ఇతర ఆస్తులు అనే మూడు అంకెలు రాసుకోండి. ఆరో పట్టిక ‘మొత్తం’ నిలువు వరుసలో ఇతర ఆస్తుల అంకె చూడండి. అది అయిదో పట్టికలోని ఇతర ఆస్తులతో అచ్చంగా సరిపోతే భవనాలు వేరేగా ఉన్నట్టు. మూడింటి కూడికతో సరిపోతే మూడూ ముద్దయినట్టు. ఒకటి రెండు మిలియన్ల తేడా వస్తే కంగారు పడకండి, అది దగ్గరి అంకెకు సవరించడం వల్ల వచ్చింది.

ఇక ముద్దలో ఏముందో చూద్దాం. సింహభాగం రావలసిన వడ్డీ. ఫెడ్ దగ్గరున్న ట్రెజరీ (అమెరికా ప్రభుత్వ) బాండ్లకు ఆరు నెలలకోసారి కూపన్, అంటే వడ్డీ చెల్లింపు, వస్తుంది, కానీ వడ్డీ ఏ రోజుకా రోజు ఆదాయంగా రాసుకుంటారు. ఉదాహరణకు 100 కోట్ల డాలర్ల ముఖ విలువ, 4 శాతం కూపన్ ఉన్న బాండు తీసుకోండి. ఏడాదికి 4 కోట్లు, ఆరు నెలలకు 2 కోట్లు. అంటే రోజుకు దాదాపు 1.1 లక్షల డాలర్లు ‘ఇతర ఆస్తులు’లో పోగుపడుతూ పోతాయి. కూపన్ చేతికొచ్చిన రోజున ఆ 2 కోట్లూ ఒక్కసారిగా మాయమవుతాయి. 10 ఏళ్లు, 30 ఏళ్ల బాండ్ల కూపన్లు ఎక్కువగా ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు 15న పడతాయి. 2, 5, 7 ఏళ్ల నోట్లవి నెలాఖరున. ఇళ్ల రుణాల పూచీ సెక్యూరిటీల మీద వచ్చే వడ్డీ నెలనెలా చేతికొస్తుంది. అందుకే ఈ వరుసను గ్రాఫు గీస్తే రంపపు పళ్లలా ఉంటుంది: మెల్లగా ఎక్కడం, ధబాలున పడటం.

ఆగస్టు 15కి ముందు బుధవారం అంకెనీ, తర్వాతి బుధవారం అంకెనీ పక్కపక్కన పెట్టి ‘ఫెడ్ ఇతర ఆస్తులు అమ్మేసింది’ అని రాసే పోస్టులు కనబడుతూనే ఉంటాయి. ఎవరూ ఏమీ అమ్మలేదు, కూపన్ వచ్చిందంతే. ఈ వరుసలో నిజంగా మార్పుందో లేదో తెలియాలంటే కిందటేడు అదే వారంతో పోల్చాలి, లేదా కనీసం ఒక పూర్తి ఆరు నెలల చక్రం చూడాలి. వారం మీద వారం పోలిక ఇక్కడ దండగ.

వడ్డీ తీసేస్తే మిగిలేదే అసలైన చిల్లర. దీని గుట్టు హెచ్.4.1లో దొరకదు. రెండు చోట్ల వెతకాలి, రెండూ ఉచితమే. ఒకటి, ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుల కోసం బోర్డు ప్రచురించే అకౌంటింగ్ మాన్యువల్. అందులో ఆస్తుల అధ్యాయం తిరగేస్తే మన బ్యాంకు గుమాస్తాకు కూడా సొంతూరికి వచ్చినట్టుంటుంది: ముందుగా చెల్లించిన ఖర్చులు, వాయిదా వేసిన ఖర్చులు, ఓవర్‌డ్రాఫ్టులు, ఖాతాదారుల నుంచి రాబట్టుకోవలసిన ఖర్చులు, వాడకంలో లేని స్థలాలు, నగదు తేడాల ఖాతా, చివరికి అనామతు (సస్పెన్స్) ఖాతా కూడా. నగదు లెక్కలో వచ్చిన తేడా తేలేదాకా ఎక్కడో ఒకచోట పడేయాలి కదా, కేంద్ర బ్యాంకైనా అంతే.

రెండోది, ఒక్కో రిజర్వ్ బ్యాంకుకూ విడిగా ఏడాదికోసారి వచ్చే ఆడిట్ నివేదిక. డిసెంబరు 31 లెక్కలు సాధారణంగా మార్చి ప్రాంతంలో బయటికొస్తాయి. వారపు నివేదికకు ఆడిట్ లేదు, దీనికి ఉంది. దీంట్లో రావలసిన వడ్డీకి సొంత వరుస ఉంటుంది, భవనాలు-పరికరాలకు పూర్తి నోటు ఉంటుంది: భూమి, కట్టడాలు, కట్టడాల్లోని యంత్రాలు, నిర్మాణంలో ఉన్నవి, ఫర్నిచరు, తీసేసిన తరుగుదల. తరుగుదల సరళరేఖ పద్ధతిలో, 2 నుంచి 50 ఏళ్ల జీవితకాలం మీద లెక్కిస్తారు. సాఫ్ట్‌వేరు ఖర్చును ఆస్తిగా చూపి సాధారణంగా 2 నుంచి 5 ఏళ్లలో రద్దు చేస్తారు. ఆ మిగులు విలువ ‘ఇతర ఆస్తులు’లోనే కూర్చుంటుంది. ఇంటర్ కామర్స్ పుస్తకంలో నేర్పే స్థిర వాయిదాల పద్ధతే ఇది, అంకెలే పెద్దవి.

న్యూయార్క్ నిలువు వరుస చూసేటప్పుడు ఒక ప్రత్యేక జాగ్రత్త. రిజర్వ్ బ్యాంకుల ఉద్యోగులందరి ఉమ్మడి పింఛను పథకం తాలూకు నికర ఆస్తినీ, బాధ్యతనూ వ్యవస్థ మొత్తం తరఫున న్యూయార్క్ బ్యాంకే తన పద్దుల్లో చూపిస్తుంది. పథకంలో నిధి మిగులుగా ఉన్న ఏడాది ముందే చెల్లించిన పింఛను ఖర్చుగా ఆస్తి పుడుతుంది, లోటుంటే అప్పుల వైపు పోతుంది. డల్లాస్‌కు లేనిది న్యూయార్క్‌కు ఎందుకుందని అడిగితే సగం జవాబు ఇదే.

మిగతా సగం జవాబు వాటాల్లో ఉంది. ఫెడ్ కొనే సెక్యూరిటీలన్నీ సోమా అనే ఒకే ఉమ్మడి ఖాతాలో ఉంటాయి. నడిపేది న్యూయార్క్, పంచేది 12 బ్యాంకులకు. న్యూయార్క్ వాటా సగానికి పైనే. సెక్యూరిటీలు పంచినట్టే వాటి మీద రావలసిన వడ్డీనీ అదే శాతంలో పంచుతారు. కాబట్టి మినియాపొలిస్ ‘ఇతర ఆస్తులు’ అంకె మినియాపొలిస్ బ్యాంకు నడవడిక గురించి చెప్పేది తక్కువ, దాని సోమా వాటా గురించి చెప్పేది ఎక్కువ. ఒక ప్రాంతీయ బ్యాంకు సొంత చిల్లర ఎంతో కావాలంటే లెక్క ఇలా కట్టాలి. ఆ బ్యాంకు ఆడిట్ నివేదికలో డిసెంబరు 31 నాటి సోమా వాటా శాతం ఉంటుంది, తీసుకోండి. 12 బ్యాంకులకూ కలిపి వచ్చే ఉమ్మడి ఆడిట్ నివేదికలోని మొత్తం రావలసిన వడ్డీని దానితో గుణించండి. వచ్చింది బ్యాంకు విడి నివేదికలోని రావలసిన వడ్డీకి దాదాపు సరిపోవాలి. సరిపోయిందంటే శాతం సరిగ్గా పట్టుకున్నట్టు. ఇప్పుడు అదే తేదీకి దగ్గరి బుధవారం హెచ్.4.1 ఇతర ఆస్తుల్లోంచి ఆ వడ్డీని తీసేయండి. ముద్దలో భవనాలు కలిసి ఉంటే అవీ తీసేయండి. మిగిలింది ఆ బ్యాంకు సొంతది.

ఈ లెక్క జనవరి నుంచి మార్చి దాకా బాగా పనిచేస్తుంది. ఏప్రిల్ దాటాక పాత శాతం పట్టుకుని కూర్చుంటే తప్పుతుంది, ఎందుకంటే ఏటా ఏప్రిల్‌లో బ్యాంకుల మధ్య బాకీలు సర్దుబాటు చేసి సోమా వాటాలు మారుస్తారు. ఒక జిల్లా (ఒక్కో రిజర్వ్ బ్యాంకు పరిధిని ఫెడ్ జిల్లా అంటుంది) నుంచి ఇంకో జిల్లాకు డబ్బు వెళ్లినప్పుడల్లా అంతర్‌జిల్లా ఖాతాలో ఒకరికి జమ, ఒకరికి ఖర్చు పడుతుంది. ఏడాది సగటు తీసి ఆ మేరకు సెక్యూరిటీలు అటూ ఇటూ జరుపుతారు. ఈ అంతర్‌జిల్లా ఖాతా ఆరో పట్టికలో ఆస్తుల వైపే ఉంటుంది, బాకీ పడ్డ బ్యాంకుకు మైనస్ గుర్తుతో. 12 బ్యాంకులవీ కలిపితే సున్నా రావాలి. ఎక్సెల్‌లోకి ఎక్కించాక మొదట తనిఖీ చేయాల్సింది ఈ వరుసే. సున్నా రాలేదంటే ఏదో నిలువు వరుస పక్కకు జరిగిపోయిందన్నమాట.

ఇప్పుడు ఈ నివేదిక మీద మాకున్న ప్రధాన ఫిర్యాదు. ఫెడ్ పుస్తకాల్లో ఈ మధ్య అన్నిటికన్నా పెద్ద ‘విచిత్ర ఆస్తి’ ఒకటుంది. ‘ఇతర ఆస్తులు’ వరుసలో ఎంత వెతికినా అది కనబడదు. 2022 మార్చి నుంచి ఫెడ్ వడ్డీ రేట్లు పెంచుకుంటూ పోయింది. బ్యాంకుల రిజర్వుల మీదా రివర్స్ రెపోల (సెక్యూరిటీలు కుదువపెట్టి ఫెడ్ తీసుకునే తాత్కాలిక అప్పుల) మీదా తాను కట్టాల్సిన వడ్డీ, పాత తక్కువ కూపన్ బాండ్ల మీద వచ్చే వడ్డీని దాటిపోయింది. 2022 సెప్టెంబరు నుంచి నష్టాలు పేరుకున్నాయి. 2023లో నికర నష్టం 11,430 కోట్ల డాలర్లు, 2024లో 7,760 కోట్ల డాలర్లు. మామూలు కంపెనీ అయితే మూలధనం కరిగిపోయేది. ఫెడ్ మాత్రం ‘ముందు ముందు వచ్చే లాభాల్లోంచి ఇంత మొత్తం ప్రభుత్వ ఖజానాకు పంపకుండా మేమే ఉంచుకుంటాం’ అని దాన్ని వాయిదా ఆస్తిగా రాసుకుంటుంది. 2024 ముగిసేసరికి ఆ మొత్తం 20,000 కోట్ల డాలర్లు దాటింది.

ఇది ఎక్కడుంది? ఆడిట్ నివేదికలో ఆస్తుల వైపు, తన పేరుతోనే ఉంది. హెచ్.4.1లో అప్పుల వైపు ‘ఖజానాకు పంపవలసిన ఆదాయం’ అనే వరుసలో మైనస్ అంకెగా ఉంది. 2011 జనవరిలో మార్చిన పద్ధతి ఇది. ఒకే సంస్థ, ఒకే సొమ్ము. ఒక నివేదికలో ఆస్తి, ఇంకోదాంట్లో రుణాత్మక అప్పు. ఫలితంగా రెండింట్లో మొత్తం ఆస్తులు ఒక్కటి కావు. ఆడిట్ మొత్తం ఎక్కువ, వారపు మొత్తం తక్కువ, తేడాలో పెద్ద భాగం ఇదే. ఈ సంగతి తెలీకుండా రెండూ పోల్చితే మతిపోతుంది.

మన సీఏ విద్యార్థికి ఇది కొత్త చిక్కేమీ కాదు. కంపెనీల చట్టం పాత షెడ్యూల్ 6లో లాభనష్టాల ఖాతా డెబిట్ నిల్వను, అంటే పోగుపడిన నష్టాన్ని, ఆస్తుల వైపు చివర రాసేవాళ్లం, కల్పిత ఆస్తి అని నేర్చుకున్నాం. 2011 ఏప్రిల్ నుంచి సవరించిన షెడ్యూల్ వచ్చాక అది రిజర్వులు-మిగులు కింద మైనస్‌గా మారింది. అదే ఏడాది ఫెడ్ కూడా తన పద్ధతి మార్చడం కాకతాళీయమే కానీ, క్లాసులో చెప్పడానికి ఇంతకన్నా మంచి జంట ఉదాహరణ దొరకదు. నష్టాల్లో ఉన్న సహకార బ్యాంకుల పట్టీల్లో పోగుపడిన నష్టం ఆస్తుల వైపు కనబడటం ఇప్పటికీ చూడొచ్చు.

తక్కిన చిన్న వరుసలు చకచకా. వసూలు కావలసిన చెక్కులు ఒకప్పుడు పెద్ద అంకె, 2004లో చెక్ 21 చట్టం అమల్లోకి వచ్చి చెక్కు కాగితానికి బదులు దాని బొమ్మ తిరగడం మొదలయ్యాక చిక్కిపోయింది. నాణేలు ఆస్తి, ఎందుకంటే అవి ఖజానా ముద్రించినవి, రిజర్వ్ బ్యాంకు ముఖ విలువకు కొనుక్కుంటుంది. సొంత స్ట్రాంగురూములో ఉన్న తన నోట్లు మాత్రం ఆస్తి కాదు, చలామణి లెక్కలోంచి తీసేస్తారు. ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న. మన రూపాయి నాణెం ఆర్‌బీఐకి ఆస్తి కావడానికీ కారణం ఇదే, దాన్ని జారీ చేసేది భారత ప్రభుత్వం. బంగారు సర్టిఫికెట్లు ఔన్సుకు 42.22 డాలర్ల చట్టబద్ధ ధర మీదే రాస్తారు, 1973 నుంచీ అంతే. మొత్తం సుమారు 1,104 కోట్ల డాలర్లు, ఇప్పటి బజారు ధరతో సంబంధం లేదు. బంగారం ధర ఎగిరిందని ఈ వరుసలో ఏదో జరుగుతుందని చూసేవాళ్లకు ఎదురుచూపే మిగులుతుంది.

ఇంకో బోల్తా: పేరు విచిత్రంగా ఉన్నదల్లా ‘ఇతర ఆస్తులు’ కిందకి రాదు. 2008లో కుప్పకూలిన బేర్ స్టెర్న్స్ అనే పెట్టుబడి బ్యాంకు ఆస్తుల కోసం పెట్టిన మెయిడెన్ లేన్ సంస్థకు సొంత వరుస ఉండేది, అది న్యూయార్క్ ఖాతాలోనే. 2020లో మెయిన్ స్ట్రీట్ రుణాల సంస్థ బోస్టన్ ఖాతాలోకి వెళ్లింది. 2023 మార్చిలో బ్యాంకులు కూలినప్పుడు ఇచ్చిన అత్యవసర సొమ్ము రుణాల్లో చేరింది. వీటన్నిటినీ చిల్లరలో వెతికితే దొరకవు. దీనికి తిరకాసు కూడా ఉంది: పాత నివేదికల్లో విదేశీ కరెన్సీ ఆస్తులు మొదటి పట్టికలోని ‘ఇతర’ వరుసలోనే ఉండేవి, తర్వాత విడదీశారు. పాతికేళ్ల గ్రాఫు గీసి మధ్యలో పెద్ద మెట్టు కనబడితే ముందు అడుగు వివరణలు చదవండి, ఆ తర్వాతే సిద్ధాంతాలు.

మన దగ్గరి సరుకుతో పోల్చకుండా రివ్యూ ముగించలేం. వాణిజ్య బ్యాంకుల షెడ్యూల్ 11 ‘ఇతర ఆస్తులు’ను ఆరుగా విడగొడుతుంది: శాఖల మధ్య సర్దుబాట్లు, పోగుపడిన వడ్డీ, ముందుగా కట్టిన పన్ను, స్టేషనరీ-స్టాంపులు, బాకీ కింద స్వాధీనం చేసుకున్న ఆస్తులు, చివర ‘ఇంకా ఇతరములు’. ఆ చివరిదాంట్లోని ఏ పద్దయినా మొత్తం ఆస్తుల్లో 1 శాతం దాటితే నోట్సులో వివరం ఇవ్వాలన్నది ఆర్‌బీఐ నిబంధన. ప్రాధాన్య రంగ రుణాల లక్ష్యం తప్పిన బ్యాంకులు నాబార్డు దగ్గర ఆర్‌ఐడీఎఫ్‌లో (గ్రామీణ మౌలిక వసతుల నిధిలో) పెట్టే డిపాజిట్లూ ఈ గూట్లోకే వస్తాయి. స్వాధీనం చేసుకున్న స్థలాన్ని సొంత వాడకానికి కాకపోతే ఏడేళ్లకు మించి ఉంచుకోకూడదని బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం సెక్షన్ 9 చెబుతుంది. వివరం విషయంలో మన షెడ్యూలే ఫెడ్ కన్నా మెరుగు, ఇందులో మొహమాటం లేదు. వేగంలో మాత్రం పోటీ లేదు: మన బ్యాంకు వివరం ఏడాదికోసారి, ఫెడ్‌ది వారానికోసారి.

పేరులో ‘కేంద్ర’ ఉన్న మన జిల్లా సహకార కేంద్ర బ్యాంకుల వార్షిక నివేదిక చేతికొస్తే ఇదే కన్నుతో చూడొచ్చు. అక్కడి ‘ఇతర ఆస్తులు’లో ఎక్కువగా చూడాల్సింది పంట రుణాల వడ్డీ రాయితీ కింద ప్రభుత్వాల నుంచి రావలసిన సొమ్ము. ఫెడ్ వడ్డీ కూపన్ తేదీకి ఠంచనుగా వస్తుంది కాబట్టి గ్రాఫు రంపపు పళ్లలా కిందికి పడుతుంది. రాయితీ బకాయి అలా పడదు. వరుసగా మూడేళ్ల అంకెలు పక్కపక్కన రాసి, పాత బకాయి ఎంత, ఆ ఏడాది కొత్తగా చేరింది ఎంత అని విడదీస్తేనే ఆ ఆస్తి ఎంత గట్టిదో తెలుస్తుంది. రెండోది శాఖల మధ్య సర్దుబాటు: పద్దులు కలవని ఎంట్రీలు ఎన్నాళ్లుగా వేలాడుతున్నాయో ఆడిటరు వ్యాఖ్యల్లో ఉంటుంది, బ్యాలెన్స్ షీటులో ఉండదు.

వాడకం సంగతులు కొన్ని. ఫోన్‌లో ఆరో పట్టిక చదవడం నరకం. 13 వరుసలు అడ్డంగా జరుపుతూ పోతే ఎడమవైపు పేర్లు తెర దాటిపోతాయి, శాన్‌ఫ్రాన్సిస్కో అంకె ఏ పద్దుదో తెలీదు. పీడీఎఫ్ దించుకుని ప్రింటు తీయించండి. ఏ4లో నిలువుగా తీస్తే అంకెలు చీమల్లా ఉంటాయి, జిరాక్సు షాపులో ఏ3 అడ్డంగా అని అడగండి. ఆరో పట్టిక పేజీలు చాలు, మొత్తం నివేదిక అచ్చేయడం కాగితం దండగ. కాలక్రమం కావాలంటే సెయింట్ లూయిస్ బ్యాంకు నడిపే ఫ్రెడ్ సైటు ఉంది, అదీ ఉచితమే. మొత్తం ఆస్తులకు డబ్ల్యూఏఎల్‌సీఎల్ అనే కోడు కొడితే నేరుగా గ్రాఫు వస్తుంది, ఎక్సెల్‌లోకి దించుకోవచ్చు. ఖజానాకు పంపవలసిన ఆదాయం వరుస కూడా అక్కడే దొరుకుతుంది, సున్నా కింద అది ఎంత లోతుకు దిగిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

వారానికోసారి అయిదు నిమిషాలు చాలనుకునేవాళ్లకు మొదటి పట్టికే సరిపోతుంది, ఆరోది తెరవక్కర్లేదు. సీఏ ఫైనల్ వాళ్లు మాత్రం ఒక ప్రాంతీయ బ్యాంకును ఎంచుకుని పైన చెప్పిన సోమా వాటా లెక్క ఒక్కసారైనా కట్టి చూడండి. క్లీవ్‌లాండో డల్లాసో అయితే నయం. పింఛను పద్దు వల్ల న్యూయార్క్‌తో మొదలుపెట్టడం తలనొప్పి.